పాత కారు మీద మనసైతే...

కారుకు ఆడవాళ్ల పేరు పెడితే మగవాళ్లు కొనరేమోనని జంకిన ఒక పెద్దమనిషి ఉన్నాడంటే నమ్ముతారా? నిజంగానే ఉన్నాడు.

జపాన్‌లో నిస్సాన్ కంపెనీ 1969లో ఒక కొత్త కారు తెచ్చింది. రెండే తలుపులు, రెండే సీట్లు, పొడవాటి ముక్కు, వెనక్కి జారుతూ పోయే టాపు. ఇలాంటి బండిని 'కూపే' అంటారు. సొంత దేశంలో దాని పేరు 'ఫెయిర్‌లేడీ జడ్'. అంటే అందగత్తె అనుకోండి. 'మై ఫెయిర్ లేడీ' నాటకం చూసి ముచ్చటపడిన కంపెనీ పెద్ద ఒకాయన అంతకు ముందు కారుకు ఆ పేరు పెట్టాడనీ, అదే దీనికీ వచ్చిందనీ చెబుతారు. అమెరికాలో ఆ కంపెనీ అమ్మకాలు చూసే యుటాకా కటయామా గారికి మాత్రం ఆ పేరు రుచించలేదు. ఓడ దిగిన మొదటి కార్ల మీది ఫెయిర్‌లేడీ పేరు ఊడదీయించి 'డాట్సన్ 240 జడ్' అనే అక్షరాలు బిగింపజేశారు. 3,526 డాలర్ల ధరతో ఆ కారు అక్కడ వేడి వేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. తర్వాత వచ్చిన 260, 280లను కూడా కలుపుకుంటే ఆ వంశంలో 1978 దాకా అయిదు లక్షలకు పైగా బళ్లు తయారయ్యాయి. కటయామా గారు 105 ఏళ్లు బతికి 2015లో కన్నుమూశారు.

సూర్యాపేటలో ఉప్మా కలుపుకుంటూ కూర్చునే నాకు ఈ జపాన్ పురాణం ఎందుకు తెలిసిందనేగా మీ సందేహం? మా అక్క కొడుకు పుణ్యమా అని తెలిసింది.

అక్క వాళ్లది కోదాడ. ఒక్కడే కొడుకు. ఎం.ఎస్. చదవడానికి అమెరికా పంపించారు. అందుకోసం కోదాడలో ఉన్న ఒకే ఒక్క ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టారు. చదువైంది, ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం కూడా దొరికింది. నెలనెలా వాయిదా కడుతున్నాడు. ఇంకా పద్నాలుగు లక్షలు బాకీ ఉంది. సరిగ్గా 2024 దసరాకి వాడు ఫోన్ చేసి చల్లగా చెప్పాడు. పాత డాట్సన్ 240 జడ్ ఒకటి అమ్మకానికి ఉందట. 1972 మోడల్. పదేళ్లుగా ఎవరిదో గ్యారేజీలో కదలకుండా పడి ఉందట. పదకొండు వేల డాలర్లు అడుగుతున్నారట. కొని, బాగు చేయించుకుని నడుపుతాడట.

అక్క నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "ఇల్లు బ్యాంకులో ఉంది. మీ బావ రిటైరయ్యాడు. వీడికి వాడి అమ్మ వయసు డొక్కు కారు కావాలటే! పైగా రెండే సీట్లట. రేపు మేం వెళితే మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతాడు?"

వాడికి ఫోన్ చేస్తే వాడి గోడు వాడిది. "పిన్నీ, తాగుతానా, తిరుగుతానా? చిన్నప్పటి నుంచి నాకున్న ఒక్క పిచ్చి ఇదే. నువ్వైనా అమ్మకి చెప్పు" అన్నాడు.

అటు తల్లి భయం నిజం. ఇటు పిల్లాడి ఇష్టం నిజం. ఎవరి పక్షం మాట్లాడాలన్నా ముందు అసలు సంగతి తెలియాలి కదా! పాత కారుని బాగు చేయించడమంటే ఏమిటి, ఎంత అవుతుంది, ఎక్కడ మునుగుతాం? ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని నేను మా జిల్లాల్లోనే మూడు ఊళ్లు తిరిగాను. ఆడవాళ్లకి కార్ల గొడవ ఎందుకని పేజీ తిప్పేయకండి. తాకట్టు పెట్టే ఇంట్లో మనం కూడా ఉంటాం.

సూర్యాపేట మెకానిక్ మాట

ముందుగా మా ఊళ్లో, హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా పానాలు పట్టిన చెయ్యి. ఫోన్‌లో వాడు పంపిన ఫొటోలు చూపించాను. ఎర్రటి రంగు, తళతళలాడుతోంది. నాకైతే 'అబ్బ!' అనిపించింది. ఆయన రంగు వంక చూడనే లేదు.

"నడిచే బండా, నిలబడ్డ బండా అమ్మా?"

"నిలబడ్డదే. పదేళ్లయిందట."

"అయితే ఇంజను సంగతి తర్వాత. నడిచే బండి అరుగుతది, నిలబడ్డ బండి కుళ్లుతది."

ఆయన చెప్పింది మన వంటింటి భాషలో చెబుతాను. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఏళ్ల తరబడి ఉంటే జిగురుగా మారి సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. నూనె సీసా అడుగున మడ్డి చూస్తాం కదా, అలాగన్నమాట. బ్రేకుల్లో ఉండే ద్రవం గాలిలోని చెమ్మ పీల్చుకుని లోపలి భాగాలకు తుప్పు పట్టిస్తుంది. రబ్బరు గొట్టాలు, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు బీటలు వారతాయి. టైర్లకు గీతలు బాగానే కనబడినా రబ్బరు గట్టిపడి పనికిరాకుండా పోతుంది. ఆ 240 జడ్‌కి ఆరు సిలిండర్ల ఇంజను, 2,393 సి.సి. రెండు కార్బ్యురేటర్లు. రెండింటినీ సమంగా సర్దకపోతే బండి దగ్గుతుంది.

"ఇంజనంటే భయపడకు అమ్మా. దించుతం, విప్పుతం, కడుగుతం, కొత్త రింగులు వేస్తం. మనిషి చేసిందాన్ని మనిషి బాగు చేస్తడు. కానీ రేకు పోతే నా చేతిల లేదు. కోదాడలో డెంటర్‌ని అడుగు" అన్నాడాయన. ఎటూ అక్క దగ్గరికి వెళ్లాలి. బస్సెక్కాను.

కోదాడలో తెలిసిన రహస్యం

కోదాడ దాటే లారీలు ఎన్నో మీకు తెలియనిది కాదు. హైదరాబాద్, విజయవాడల మధ్య అన్నీ ఆ దారినే వెళ్లాలి. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. లారీలున్న చోట రేకు పని, వెల్డింగు, రంగు పని అన్నీ ఉంటాయి. అక్కనీ వెంటబెట్టుకుని డెంటర్ షెడ్డుకు వెళ్లాను. ఆయన అక్కకి స్టూలు వేసి, ఎదురుగా ఉన్న లారీని చూపిస్తూ మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, లారీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. కింద రెండు ఇనుప దూలాలు. పైన మేం కట్టేది తొట్టి. తొట్టి పోతే కొత్తది కడతాం, దూలాలు ఉంటాయి. ఈ చిన్న కార్లకి ఆ దూలాలు లేవు. రేకుల్ని మడిచి, అతికి, డబ్బాలా చేస్తారు. బాడీయే ఛాసిస్. కింద రేకు తుప్పు పట్టిందంటే ఇంటికి పునాది పోయినట్టే."

నాకు అప్పుడు అర్థమైంది. 240 జడ్ గురించి తెలిసిన వాళ్లంతా మొదట చెప్పే జబ్బు తుప్పే. బ్యాటరీ పెట్టే పళ్లెం కింద, కాళ్లు పెట్టుకునే నేల రేకులో, ఆ నేలకు అడుగున నిలువునా పోయే పట్టీల్లో, వెనక చక్రాల పైన, డిక్కీ తలుపు చుట్టూ. పైగా ఒహాయో లాంటి చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆవకాయ జాడీ మీద ఇనుప మూత పెడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఆ ఉప్పునీళ్లు అడుగు రేకుని అలాగే తింటాయి.

"మరి ఫొటోలో అంత మెరుస్తోందే?" అంది అక్క.

డెంటర్ నవ్వాడు. పుట్టీ డబ్బా చూపించాడు. చిల్లు పడ్డ చోట జాలీ పెట్టి, పుట్టీ మెత్తి, రుద్ది, రంగు కొడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టదట. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. దాన్ని పట్టుకునే ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. ఒక చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద పాకించాలి. ఇనుము ఉన్న చోట పట్టుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్న చోట జారిపోతుంది. మన ఫ్రిజ్ తలుపు మీద అంటించే బొమ్మ అయస్కాంతం చాలు!

సరైన మరమ్మతు అంటే తుప్పు పట్టిన రేకుని మంచి రేకు తగిలే దాకా కోసేసి, కొత్త రేకు వంచి, వెల్డింగు చేసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ లాంటి పూత వేసి, ఆ తర్వాతే రంగు. రోజుల పని కాదు, నెలల పని. అమెరికాలో మనిషి కూలీ గంటల లెక్కన ఉంటుంది. బండి ధర కంటే బాగుచేసే ఖర్చు ఎక్కువవుతుందనడంలో వింతేమీ లేదు.

దీనికి పెద్ద సాక్ష్యం ఆ కంపెనీయే. 1990ల నడుమ నిస్సాన్ వాళ్లే అమెరికాలో పాత 240 జడ్‌లు కొని, బాగు చేయించి, దాదాపు పాతిక వేల డాలర్లకు తమ డీలర్ల ద్వారా అమ్మే పథకం పెట్టారు. 200 కార్లు చేయాలనుకున్నారు. నలభై కూడా పూర్తి కాకుండానే ఆ పథకం ఆగిపోయింది. కన్నవాళ్లకే అంత కష్టమైతే, ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాల్లో చేద్దామనుకునే కుర్రాడి మాటేమిటి? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. పాత కారు బాగు చేయించి చూడు అని మూడోది కలుపుకోవచ్చు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. 2020 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక వేలంలో ఒక పాత 240 జడ్ 3,10,000 డాలర్లు పలికింది. ఇలాంటి వార్తలు చూసే కుర్రాళ్లకు ఆశ పుడుతుంది. కానీ అది బాగుచేసిన కారు కాదు. ఇరవై ఒక్క వేల మైళ్లే తిరిగి, మొదటి రంగు, మొదటి సీట్లతో భద్రంగా కాపాడుకున్న కారు. తొలినాడే జాగ్రత్తగా ఉంచుకున్నదానికి ఆ విలువ. పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్నదానికి అంత రాదు.

నిస్సాన్ మనకు కొత్త చుట్టమా?

షెడ్డులో ఉన్నంతసేపూ అక్క "ఈ జపాన్ వాళ్లు మనకెక్కడ తగిలారే" అని గొణుగుతూనే ఉంది. నిజానికి పాత చుట్టాలే. ఆల్విన్ ఫ్రిజ్ చాలామంది ఇళ్లలో ఉండేది, గుర్తుందా? ఆ హైదరాబాద్ ఆల్విన్ కంపెనీయే 1980లలో నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. డాట్సన్ పేరుతో చిన్న కార్లు 2014లో మన దేశంలోకి వచ్చి 2022లో ఆగిపోయాయి.

డాట్సన్ పేరులోనే ఒక తమాషా ఉంది. 1931లో మొదట 'డాట్‌సొన్' అని పెట్టారు. జపాన్ భాషలో 'సొన్' అంటే నష్టమనే అర్థం కూడా వస్తుందని తర్వాత సూర్యుడు అనే అర్థం వచ్చేలా 'డాట్సన్' చేశారు. ఈ ముక్క చెప్పగానే అన్ని రోజుల తర్వాత అక్క నవ్వింది. "పేరు మార్చుకుంటే నష్టం పోతుందా? లెక్క మార్చుకోవాలి గానీ" అంది. మా అక్క ఏడో తరగతి దాకానే చదివింది. కానీ ఇంటి లెక్కలో ఆమెని మించినవాళ్లు లేరు.

ఇక జపాన్ చుట్టరికంలో అందరికీ దగ్గరిది మారుతి 800. సుజుకి కంపెనీ కారుని మన దేశంలో తయారు చేయడం 1983లో మొదలైంది. ఆ ఏడాది డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ గారి చేతుల మీదుగా మొదటి కారు తాళం అందుకున్నవారు హర్‌పాల్ సింగ్. తన ఫియట్ అమ్మి మరీ దాన్ని కొనుక్కున్నారు. 2010లో కన్నుమూసే దాకా దాన్ని వదల్లేదు. ఆయన తర్వాత ఆ కారు ఇంటి బయట ఎండకీ వానకీ పాడైంది. చివరికి దాన్ని బాగు చేయించి, 2022లో మారుతి కంపెనీ తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. అది దేశంలోనే మొదటి మారుతి 800 కాబట్టి కంపెనీ పూనుకుంది. మన ఇళ్ల కార్లకు ఎవరు పూనుకుంటారు? ఆ ప్రశ్నకు జవాబు మిర్యాలగూడలో దొరికింది.

మిర్యాలగూడ వదిన, తెల్ల మారుతి

మా మేనమామ కూతురు ఒకామె మిర్యాలగూడలో ఉంటుంది. నాకు వదిన వరస. అన్నయ్య రైసు మిల్లులో వాటాదారు. ఆయన 1998లో కొన్న తెల్ల మారుతి 800, 'ఏపీ 24' నంబరు. 2021లో ఆయన పోయారు. కారు మిల్లు వెనక షెడ్డులో నిలబడిపోయింది. మిల్లు అంటే ఊక, దుమ్ము, ఎలుకలు. ఊక దుమ్ము చెమ్మ పట్టి రేకు అంచుల్లో పేరుకుంది. ఎలుకలు వైర్లు కొరికేశాయి. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. "అమ్మా, తుక్కు వాడు పద్దెనిమిది వేలు ఇస్తానంటున్నాడు, ఇచ్చేద్దాం" అన్నారు. అంతకంటే రావని వాళ్ల లెక్క. తప్పేమీ కాదు.

వదిన మాత్రం, "మీ నాన్న ఉన్నప్పుడు నేను ఎప్పుడూ ఎడమ పక్క కూర్చున్నాను. కుడి పక్క కూర్చుని ఒకసారి చూస్తాను. తర్వాత అమ్ముదురు గాని" అందట. అప్పటికి ఆమెకి యాభై రెండేళ్లు.

2024 మొదట్లో పని మొదలుపెట్టించింది. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా విడిభాగాలకు ఇబ్బంది పడలేదు. అదే 796 సి.సి. తరహా ఇంజను ఓమ్నీల్లోనూ ఉండేది. ఎలుకలు తిన్న వైర్లు కొత్తవి వేయించింది. డ్రైవరు కాళ్ల కింద రేకుకి అతుకు, నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, సీటు కవర్లు, చివరికి రంగు. అన్నీ కలిపి అరవై రెండు వేలు అయింది. మెకానిక్ మొదట చెప్పింది ముప్పై అయిదు. ఇది ఆయన మోసం కాదు. విప్పితే గానీ లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వదిన తన చిట్టీ డబ్బులు అరవై అయిదు వేలు పక్కన పెట్టుకునే దిగింది. "పాత ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు గోడ రాలుతుందని తెలియదా ఏమిటి? చెప్పినదానికి రెట్టింపు అనుకునే పని మొదలుపెట్టాలి" అంటుంది.

ఆమెకి రేకు పని కంటే కష్టమైంది కాగితాల పని. ఇది మనందరికీ పనికొచ్చేది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బండి యజమాని చనిపోతే ఆ సంగతి 30 రోజుల్లో రవాణా శాఖ కార్యాలయానికి తెలియజేయాలి. వారసులు మూడు నెలల్లోగా ఫారం 31తో బండిని తమ పేరుకు మార్చుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇవి ఎవరికి గుర్తుంటాయి? మూడేళ్ల తర్వాత వెళితే మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, ఇద్దరు కొడుకులు అభ్యంతరం లేదని రాసిన కాగితం, ఆలస్యానికి అపరాధ రుసుము, ఇలా అన్నీ కలిసి తిప్పాయి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత బండి తనిఖీ అయ్యాక అయిదేళ్లకోసారి ఫారం 25తో పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 10,000 చేసింది. వదిన 2024లోనే పని ముగించుకుంది కాబట్టి అయిదు వేలతో బయటపడింది. హరిత పన్ను, బీమా దీనికి అదనం. ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలు 2021 నుంచి ఉంది. ఇది చేయించుకుంటే తర్వాతి వాళ్లకు సగం తిప్పలు తప్పుతాయి.

ఇప్పుడు ఆర్.సి. మీద వదిన పేరుంది. డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది. కార్తీకంలో తానే నడుపుకుంటూ వాడపల్లి వెళ్లి కృష్ణ, మూసీ కలిసే చోట దీపం వదిలి వచ్చింది. "ఈ కారు ఇవాళ అమ్మితే నాకు అరవై రెండు వేలు రావు. ఆ సంగతి మొదటి రోజే తెలుసు. నేను పెట్టింది అమ్మడానికి కాదు" అంది నాతో.

పిల్లాడికి చెప్పిన మాట

మూడు ఊళ్లూ తిరిగొచ్చాక వాడికి వీడియో ఫోన్ చేశాను. అక్క పక్కనే ఉంది. కొనవద్దని చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు అడిగాను.

బండి అడుగున పడుకుని చూశావా? అమ్మేవాడి పేరు మీదే యాజమాన్య పత్రం ఉందా, అందులోని నంబరూ బండి మీది నంబరూ ఒకటేనా? కొన్న ధరకి రెట్టింపు డబ్బు, వాయిదాలు ఆగకుండా, నీ దగ్గర ఉందా? బాగుచేసే ఏడాది, రెండేళ్లు దాన్ని ఎక్కడ పెడతావు, అద్దె ఎంత?

వాడికి ఇంకో ఆశ కూడా ఉండేది. బాగు చేయించి ఎప్పుడో ఇండియాకి తెచ్చి కోదాడ బజార్లో నడపాలని. అప్పట్లో అది కుదిరే పని కాదు. అప్పటి నిబంధనల ప్రకారం మన దేశంలోకి తెచ్చే వాడిన కార్లు సాధారణంగా తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. వాడిది యాభై ఏళ్ల బండి, స్టీరింగు ఎడమవైపు.

వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. కానీ తెలివైనవాడు. ఆ శనివారమే ఫ్రిజ్ మీది అయస్కాంతానికి జేబు రుమాలు చుట్టి తీసుకువెళ్లాడు. తలుపులు, బానెట్ మీద బాగానే పట్టుకుంది. వెనక చక్రాల పైన జారిపోయింది. లోపల తివాచీ ఎత్తి చూస్తే డ్రైవరు వైపు నేల రేకులో తారులాంటి పూత కింద చిల్లులు. బ్యాటరీ కింద స్క్రూడ్రైవరు ఆనిస్తే లోపలికి దిగిపోయిందట. అమ్మేవాడు అప్పటికప్పుడు నాలుగు వేలు తగ్గిస్తానన్నాడు. వాడు దండం పెట్టి వచ్చేశాడు.

అప్పుడు అక్క అన్న మాట నాకు చాలా నచ్చింది. "ఒరే, నీ ఇష్టాన్ని నేను చంపడం లేదు. ఇంటి కాగితాలు బ్యాంకు నుంచి తీసుకొచ్చి నా చేతిలో పెట్టు. ఆ మర్నాడు నీకు నచ్చిన డొక్కు కొనుక్కో. రెండు సీట్లయినా పర్లేదు, మీ నాన్నని బస్సులో పంపిస్తాను."

తల్లీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. వాయిదాకి తోడు నెలకి కొంత ఎక్కువ కడుతున్నాడు. కారు కోసం విడిగా ఒక ఖాతా తెరిచాడు. అందులో పడేది ఓవర్‌టైం డబ్బే. ఈలోగా శనివారాలు ఒక షెడ్డులో వెల్డింగు నేర్చుకుంటున్నాడు. ఉప్పు చల్లని ఎండ రాష్ట్రాలు, కాలిఫోర్నియా, అరిజోనా వైపు బండి అయితే రంగు పోయినా పర్వాలేదు, రేకు గట్టిగా ఉంటుందని ఇప్పుడు వాడే మాకు పాఠం చెబుతున్నాడు. కంపెనీలు కూడా పాత బళ్లను ఈమధ్య పట్టించుకుంటున్నాయి. టయోటా 2020లో తన పాత సుప్రాలకు విడిభాగాలు మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. కాస్త ఆగితే వాడికే మంచిదేమో.

మీ ఇంట్లోనూ ఈ మాట రావచ్చు

కొడుకో, తమ్ముడో, మీవారో, మీరో, ఎవరో ఒకరు పాత బండి మీద మనసు పడొచ్చు. జపాన్ కూపే కాకపోతే పాత యమహా, పాత ఫియట్, నాన్నగారి అంబాసిడర్. 'డొక్కు' అని తీసిపారేయకండి. అలాగని రంగు చూసి తలూపకండి.

కొనేముందు పగటి వెలుతురులో, రేకు పొడిగా ఉన్నప్పుడు చూడండి. తడి రేకు ఎప్పుడూ మెరుస్తుంది. చేతిలో అయస్కాంతం ఉంచుకోండి. తివాచీ ఎత్తమనండి. మీ సొంత మెకానిక్‌ని వెంట తీసుకువెళ్లండి, అమ్మేవాడు చూపించిన మెకానిక్‌ని కాదు. విప్పే ముందు ప్రతి భాగానికీ ఫొటో తీయించి, నట్లు, బోల్టులు విడివిడి డబ్బాల్లో వేసి పేర్లు రాయించండి. పోపుల డబ్బా సర్దుకునే మనకు ఇది నేర్పక్కర్లేదు. డబ్బు ఒకేసారి ఇవ్వకుండా పని అయినంత మేరకు ఇవ్వండి. అన్నిటికంటే ముందు, ఆ డబ్బు దేనిలోంచి వస్తోందో అడగండి. మిగులు లోంచి అయితే అది ముచ్చట. తాకట్టు లోంచి అయితే అప్పు చేసి పప్పు కూడే.

ఇక బండి కొనే ఆలోచన లేనివాళ్లకు ఒక చిన్న పని. ఈ ఆదివారం భోజనాలయ్యాక మీ ఇంట్లో ఉన్న కారుదో, స్కూటరుదో ఆర్.సి. బయటికి తీయండి. ఎవరి పేరు మీద ఉందో, ఎప్పటి దాకా చెల్లుతుందో, నామినీగా ఎవరున్నారో చూడండి. ఆ కాగితం బీరువాలో ఏ అరలో ఉందో ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించి పెట్టండి.